మీది పోర్షన్ల మిషనరీ పిలగాండ్లు – క్రిస్మస్‌కు ఇంటికి పోరట, ఏం జెయ్యాలె?

తార్నాక_అక్క | డిసెంబర్ 8, సాయంత్రం 6:40

అందరికి నమస్తే. మాది తార్నాకల ఇల్లు. కింద మేం ముసలోల్లిద్దరం, మీద రెండు రూముల పోర్షన్. వానకాలం నుంచి అండ్ల ఇద్దరు పిలగాండ్లు ఉంటున్నరు. తెల్లంగి, టై, జేబు మీద నల్లటి పేరు బిళ్ళ. మార్మన్ చర్చి అని ఒక క్రైస్తవ సంఘమట, దాని మిషనరీలట. కిరాయి కాయితం చర్చోల్లే రాసుకున్నరు, ఒకటో తారీఖు దాటకుంట పైసలు పడ్తయి, దాంట్ల ఏం తకరారు లేదు. ఒకరిది కోయంబత్తూరు, ఒకరిది ఢిల్లీ. ఇద్దరికీ ఇరవై ఏండ్లు నిండలె.

ఇన్ని నెలలయినా నాకు సమజ్ కానియి కొన్ని ఉన్నయి. పొద్దుగాల ఆరున్నరకు లైటు పడ్తది, రాత్రి పదిన్నరకు బంద్ అయితది, ఒక్కనాడు తప్పలె. పాల ప్యాకెట్‌కు పోయినా ఇద్దరు కలిసే పోతరు. టీవీ లేదు, క్రికెట్ చూడరు. చాయ్ ఇస్తే దండం పెట్టి వద్దంటరు. కాఫీ గూడ వద్దంట. నిన్న ఆదివారం పులిహోర కలిపి పంపితే "ఆంటీ, రాత్రికి తింటం" అని డబ్బా పక్కకు పెట్టిన్రు. మా ఆయన ఇంట్ల లేనప్పుడు పిలిస్తే గడప అవుతలనే నిలవడి మాట్లాడ్తరు, లోపలికి రమ్మన్నా రారు. నేనేమన్న కరుస్తనా?

అసలు ముచ్చట ఇది. క్రిస్మస్‌కు ఎప్పుడు పోతున్నరు బిడ్డా అని అడిగిన. రెండేండ్లు అయ్యేదాక ఇంటికే పోరట! మా పిల్లలు పుణెల ఉంటరు, వాళ్ళు సంక్రాంతికే వస్తరు. పండుగ నాడు మీద ఆ ఇద్దరు బ్రెడ్డు కాల్చుకొని తింటుంటే కింద నాకు బువ్వ ఎట్ల దిగుతది? ఏం వండాలె, ఏం వండొద్దు, దేవుని ప్రసాదం ఇస్తే తప్పువడ్తరా, తెలిసినోల్లు ఎవరన్న చెప్పుండ్రి.

బోరబండ_బ్యాచిలర్ | డిసెంబర్ 8, సాయంత్రం 7:05

పదిన్నరకు లైటు బంద్, ఒకటో తారీఖుకు కిరాయి. అక్కా, ఈ పోస్టు మా ఓనర్ కంట పడకుంట చూడు. నన్ను ఖాళీ చేయిస్తడు.

గోదారి_గట్టు | డిసెంబర్ 8, రాత్రి 9:20

అక్కా, నేనూ ఆ పేరు బిళ్ళ పెట్టుకు తిరిగినవాణ్ణే. మాది రాజమండ్రి. ఢిల్లీ వైపు రెండేళ్ళు చేసి 2017లో వచ్చేశాను, ఇప్పుడు మాదాపూర్‌లో ఉద్యోగం. మీరు అడిగినవి ఒక్కొక్కటీ చెప్తాను.

ఈ సేవకి మగపిల్లలు పద్దెనిమిది నుంచి పాతికేళ్ళ లోపు వెళ్తారు, ఇరవై నాలుగు నెలలు. ఆడపిల్లలకి పద్దెనిమిది నెలలు. ఎక్కడికి పంపాలో చర్చి నిర్ణయిస్తుంది, మనం కోరుకునేది కాదు. జీతం ఉండదు. వెళ్ళేవాడూ, వాడి ఇంట్లోవాళ్ళూ ఎంతో కొంత దాచి పెట్టుకోవాలి. నేను ఒక సెల్ షాపులో రీచార్జులు చేసి కూడబెట్టాను.

ఇద్దరూ కలిసి తిరగడం నియమం. కంపానియన్ అంటారు. స్నానాల గదిలో తప్ప ఎప్పుడూ ఒకరికి ఒకరు కనపడుతూ ఉండాలి. ఆ జోడీని మనం ఎంచుకోము, ఎన్నాళ్ళు ఉంటుందో కూడా తెలీదు. సుమారు ఆరు వారాలకోసారి ట్రాన్స్‌ఫర్ కబురు వస్తుంది. కొందరు కదులుతారు, కొందరు ఉంటారు. నాకు ఒక కంపానియన్ గురక పెట్టేవాడు, ఇంకొకడు పప్పులో పంచదార వేసేవాడు. గురకే నయం.

ఆరున్నరకి లేవడం, కాస్త వ్యాయామం, ఆ తర్వాత చదువు. ముందు ఎవరిది వాళ్ళు, తర్వాత ఇద్దరూ కలిసి. కొత్త భాష అయితే దానికీ కొంత సమయం. మీ ఢిల్లీ అబ్బాయి పొద్దున్నే గట్టిగా "వస్తాను వస్తావు వస్తాడు" అని వల్లె వేస్తుంటాడు, వినపడే ఉంటుంది. పగలంతా బయట మనుషుల్ని కలవడం, రాత్రి రేపటి పని రాసుకుని పడుకోవడం. సోమవారం మాత్రం బట్టలు, సరుకులు, క్షవరం, ఇంటికి ఫోను. దాన్ని పీ-డే అంటాం. మీ డాబా మీద తెల్ల చొక్కాలన్నీ సోమవారమే ఆరేసి ఉంటాయి, చూడండి.

టీ, కాఫీ, మద్యం, పొగాకు మా చర్చిలో ఎవరూ ముట్టకూడదు, మిషనరీలే కాదు. నెలలో మొదటి ఆదివారం ఉపవాసం, రెండు పూటల తిండి మానేసి ఆ డబ్బు పేదలకి ఇస్తారు. మీ పులిహోర సరిగ్గా ఆ రోజు వెళ్ళింది. గడప సంగతి కూడా నియమమే. ఇంట్లో ఆడవాళ్ళు ఒక్కరే ఉంటే లోపలికి వెళ్ళకూడదు. మీ మీద మర్యాద లేక కాదు.

తార్నాక_అక్క | డిసెంబర్ 8, రాత్రి 9:48

సోమవారం అంగీల సంగతి కరెక్టే! ఇయ్యాల గూడ తీగ నిండ ఆరేసిన్రు. ఊకె నేను చాయ్ చాయ్ అని పరేషాన్ చేసిన పాపం. మరి పండుగ సంగతి చెప్పు తమ్మీ.

సూటిగా_చెప్తా | డిసెంబర్ 8, రాత్రి 10:15

అక్కా, మీరు మంచివారు కాబట్టి చెప్తున్నా. ముందు పులిహోర, తర్వాత ప్రార్థన, ఆ తర్వాత మీ ఇంట్లోనే మీటింగ్. వాళ్ళు వచ్చిన పని మతం మార్చడమే కదా? ఆ మాట ఎవరూ అనరేం?

గోదారి_గట్టు | డిసెంబర్ 8, రాత్రి 10:40

అవునండీ, వచ్చింది మా నమ్మకం చెప్పడానికే. దాన్ని దాచడం ఎందుకు? వద్దన్నవాళ్ళకి దండం పెట్టి వచ్చేయడం కూడా ఆ పనిలో భాగమే. నాకు రోజులో ఎక్కువ భాగం అదే.

పాత_పుస్తకాలు | డిసెంబర్ 9, ఉదయం 7:30

మతం మార్చడం మాట వచ్చింది కనుక చట్టం ఏమంటుందో ఒక్క ముక్క. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని ప్రచారం చేసుకునే స్వేచ్ఛ ఇచ్చింది. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు, ఆ స్వేచ్ఛ ఎదుటివాణ్ణి మతం మార్చే హక్కు కాదని చెప్పింది. విదేశీయులైతే మిషనరీ వీసా మీదే రావాలి. ఈ ఇద్దరూ మన దేశం పిల్లలే, ఆ ఇబ్బంది కూడా లేదు. అక్క అడిగింది వంట గురించి.

మోడరేటర్ | డిసెంబర్ 9, ఉదయం 8:10

మతమార్పిడి చర్చకి ఫోరంలో వేరే థ్రెడ్ ఉంది. ఇక్కడ దాని మీద రాసినవి ఇకమీద తీసేస్తాను. రెండు పోస్టులు ఇప్పటికే తీసేశాను.

మెట్టుగూడ_రైల్వే | డిసెంబర్ 9, ఉదయం 10:25

అమ్మా, వంట నా వంతు. రైల్వేలో చేసి రిటైరయ్యాను. లాలాగూడ, మెట్టుగూడ క్వార్టర్లలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాల మధ్యే పెరిగాను. డిసెంబర్ మొదలైతే వాళ్ళిళ్ళలో రోజ్ కుకీస్, కల్‌కల్స్ అనే చిన్న తీపి పిండివంట డబ్బాలు నిండేవి. రోజ్ కుకీస్ అంటే ఏదో అనుకోకండి, మన గులాబీ పువ్వులే. అచ్చు నూనెలో కాగబెట్టి, పిండిలో ముంచి, మళ్ళీ నూనెలో విదిలించడం. మీ ఇంట్లో అచ్చు ఉండే ఉంటుంది. కోస్తా వైపు క్రైస్తవుల ఇళ్ళలో క్రిస్మస్‌కి అరిసెలు కూడా తప్పనిసరి.

ప్లమ్ కేక్ విషయంలో జాగ్రత్త. అసలైన దాంట్లో ఎండు పళ్ళని రమ్ములో నానబెడతారు. పైన ఆ బాబు చెప్పినదాన్ని బట్టి వాళ్ళు దాన్ని ముట్టరు. బేకరీలో రమ్ము వెయ్యనిది అని అడిగి తీసుకోండి. పండుగ ముందు రోజు సాయంత్రం సికింద్రాబాద్ వైపు బేకరీల్లో నిలబడటానికి చోటు ఉండదు, రెండు మూడు రోజుల ముందే తెచ్చుకోవడం మేలు.

మధ్యాహ్నానికి బగారన్నం, కోడికూర. ఏ మతంవాడైనా కాదనడు.

బోరబండ_బ్యాచిలర్ | డిసెంబర్ 9, ఉదయం 10:31

అంకుల్, మతం లేనోల్లు గూడ కాదనరు. తార్నాక అడ్రస్ పెట్టుండ్రి ప్లీజ్.

రామంతాపూర్_బ్రదర్ | డిసెంబర్ 9, మధ్యాహ్నం 1:50

నేను కథోలిక్. ఫాదర్ అవుదామని కొన్నేళ్ళు సెమినరీలో చదివి బయటికి వచ్చేశాను, ఇప్పుడు బళ్ళో లెక్కలు చెప్తున్నాను. ఆ పిల్లల చర్చి వేరు, మా చర్చి వేరు. పండుగ మాత్రం ఒకటే కాబట్టి రాస్తున్నా.

బయటివాళ్ళు ఏమనుకుంటారంటే, క్రిస్మస్ రోజు మేము ఇల్లు తలచుకుని కుమిలిపోతుంటామని. అంత తీరిక ఎక్కడిది! ఫిలాసఫీ చదివేటప్పుడు నన్ను నల్గొండ వైపు ఒక విచారణకి, అంటే ఒక ఫాదర్ చూసుకునే చర్చి పరిధికి, పంపారు. ఏసు పుట్టిన పశువుల పాక బొమ్మకి గడ్డి తేవడం నా పని. నక్షత్రం కట్టడం, మైకు సెట్టు వాడితో బేరం, పాటల వాళ్ళకి గొంతు పోతే మిరియాల పాలు, అన్నీ నేనే. అర్ధరాత్రి పూజ అయ్యాక ఫాదర్‌తో జీపులో పక్క ఊళ్ళు. ఒక్కో ఊళ్ళో ఒక పూజ, ఒక కేకు, ఒక ప్లేటు అన్నం. మూడో ఊళ్ళో అన్నం ముందు కూర్చుని కునికిపాట్లు పడ్డాను.

అసలు కష్టం 25 కాదక్కా, 26. పందిరి విప్పేస్తారు. పాటలవాళ్ళు వాళ్ళ చుట్టాల ఇళ్ళకి పోతారు. విచారణ గురువు ఆదమరిచి నిద్రపోతాడు. ఊరంతా ఎవరింట్లో వాళ్ళుంటారు. చేతికి పని లేదు, నోటికి మాట లేదు. అప్పుడు గుర్తొచ్చింది మా ఇల్లు. గేటు దగ్గర నిలబడి వచ్చే బస్సులు లెక్కపెట్టాను.

కాబట్టి నా సలహా: 25న మీరు పిలవకపోయినా వాళ్ళకి చర్చిలో ఎవరో ఒకరు భోజనం పెడతారు. 26న పిలవండి. పిలిచి కూర్చోబెట్టి వడ్డించకండి, ఏదైనా పని చెప్పండి. ఇంటి మనిషికే కదా పని చెప్తాం.

గోదారి_గట్టు | డిసెంబర్ 9, మధ్యాహ్నం 2:30

బ్రదర్ చెప్పింది నూటికి నూరుపాళ్ళు. మాకూ అంతే. డిసెంబర్‌లో మీటింగులు, పాటల సాధన, చిన్నపిల్లల నాటకం, ఊపిరాడదు. మా చర్చిలో అర్ధరాత్రి ఆరాధన ఉండదు. మామూలుగా ఆదివారం ఆరాధన, అందులో ప్రభు సంస్కారానికి రొట్టె, ద్రాక్షరసం బదులు నీళ్ళు.

నా మొదటి క్రిస్మస్ ఢిల్లీలో. అంత చలి రాజమండ్రివాడికి ఏం తెలుసు? స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని, దాని మీద టై కనపడాలి కదా అని పైకి లాగి పెట్టుకునేవాణ్ణి. అప్పట్లో ఇంటికి ఫోను ఏడాదిలో రెండే సార్లు, క్రిస్మస్‌కీ మదర్స్ డేకీ. మిగతా వారాలు ఈమెయిలే. మా అమ్మకి ఈమెయిల్ రాదు. తమ్ముడు ఇంటర్నెట్ సెంటర్‌లో ప్రింటు తీయించి తెచ్చి చదివి వినిపించేవాడు. మధ్యలో వాడికి నచ్చని వాక్యాలు ఎగరగొట్టేవాడని తర్వాత తెలిసింది.

క్రిస్మస్ ఫోను కోసం నేను ఒక కాగితం మీద మాట్లాడాల్సినవన్నీ రాసుకున్నాను. అమ్మ ఫోను తీసింది. అంతే, ఆ కాగితంలో ఒక్క ముక్క కూడా మాట్లాడలేదు. ఆవకాయ జాడీ పగిలిన సంగతే చాలాసేపు చెప్పింది. నాకు అదే కావాల్సింది.

2019 ఫిబ్రవరి నుంచి ఆ పద్ధతి మారింది. ఇప్పుడు వారానికోసారి పీ-డే నాడు ఇంటికి ఫోనో వీడియో కాలో చేసుకోవచ్చు. పండుగలకీ, అమ్మానాన్నల పుట్టినరోజులకీ కూడా. మీ పిల్లలకి ఆ బెంగ కొంత తక్కువే.

ప్రసాదం మాట. మనిషిని బట్టి ఉంటుంది, కానీ నైవేద్యం పెట్టింది అంటే చాలామంది మొహమాటపడతారు. తినలేరు, వద్దనలేరు. నైవేద్యం పెట్టక ముందే ఒక డబ్బాలోకి తీసి పక్కన పెట్టండి. "ఇది దేవుడికి పెట్టకముందు తీసింది" అని ఒక్క మాట చెప్పండి. హాయిగా తింటారు.

తార్నాక_అక్క | డిసెంబర్ 9, మధ్యాహ్నం 3:15

గంతేనా! ఇన్నొద్దులు నేను వాళ్ళకు తీపి పడదు అనుకున్న.

మల్కాజిగిరి_అమ్మ | డిసెంబర్ 10, ఉదయం 11:00

నేను ఈ ఫోరంలో చదవడమే గాని రాయను. మా అబ్బాయి ఇలాగే వెళ్ళాడు, ఉత్తరాన ఒక ఊళ్ళో ఉన్నాడు. ఇది వాడికి ఇంటికి దూరంగా మొదటి క్రిస్మస్. అక్కడ కూడా ఒక ఓనరమ్మ ఉండే ఉంటుంది. ఆమె కూడా మీలాగ ఎక్కడో ఒకచోట అడుగుతూ ఉంటే బాగుండును అనుకుంటూ మీ పోస్టు రెండుసార్లు చదివాను.

ఒకటి మాత్రం చెప్తాను తప్పుగా అనుకోకండి. "మీ అమ్మ ఎంత ఏడుస్తుందో" అనే మాట ఆ పిల్లల దగ్గర అనకండి. మా చుట్టాలు మా వాడితో వీడియోలో అదే అన్నారు. ఆ వారమంతా వాడు ముభావంగా ఉన్నాడు. నేను ఇప్పుడు వాడితో మామూలు సంగతులే చెప్తాను. వీధిలో మళ్ళీ రోడ్డు తవ్వారు, ఎదురింటివాళ్ళ కుక్క పిల్లలు పెట్టింది, రైతుబజార్లో చిక్కుడుకాయ రేటు. తిన్నావా అని అడగను. అడిగితే తిన్నాననే అంటాడు కదా. ఏం వండావు అని అడుగుతాను. అప్పుడు తెలుస్తుంది తిన్నాడో లేదో.

తార్నాక_అక్క | డిసెంబర్ 10, ఉదయం 11:35

చెల్లె, అనను. మంచిగ చెప్పినవ్. ఏం వండినవ్ అని ఇయ్యాల నేనే అడుగుత మీది పోయి. మా ఆయనను ఎంట తీస్కపోత.

పాత_పుస్తకాలు | డిసెంబర్ 10, రాత్రి 8:50

ఒకబ్బాయిది కోయంబత్తూరు అని చదివి ఒక సంగతి గుర్తొచ్చింది. తమిళ యువకులు మిషనరీలుగా తెలుగు దేశం రావడం పాత కథే. తిరునల్వేలి ప్రాంతంవాడు వి. ఎస్. అజరయ్య. 1903లో అక్కడివాళ్ళతో కలిసి ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టారు, విదేశీ డబ్బు లేకుండా మనవాళ్ళ కానుకలతోనే నడవాలని. వాళ్ళు ఎంచుకున్న చోటు దోర్నకల్, అప్పటి నిజాం రాజ్యం. అజరయ్య 1912లో దోర్నకల్ బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్. తెలుగు నేర్చుకుని తెలుగువాళ్ళ మధ్యే ఉండిపోయారు, 1945 జనవరి 1న కన్నుమూసింది కూడా దోర్నకల్‌లోనే.

పండుగ పూట పరాయి ఊళ్ళో అంటే ఒంగోలు కొండ కూడా చెప్పాలి. అమెరికన్ బాప్టిస్టుల నెల్లూరు మిషన్‌ని మూసేద్దామా అని వాళ్ళ దేశంలో చర్చలు జరుగుతున్న రోజులు. లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, కొద్దిమంది తెలుగు విశ్వాసులు 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలులో ఒక గుట్ట ఎక్కి ప్రార్థించారు. దాన్ని ఇప్పటికీ ప్రేయర్ మీటింగ్ హిల్ అంటారు. ఇంటి నుంచి ఉత్తరం ఓడలో నెలల తరబడి వచ్చే కాలం. వారానికో వీడియో కాల్ వాళ్ళ ఊహకి కూడా అందదు.

ఈ పిల్లల చర్చికే వస్తే, 1978 డిసెంబర్‌లో ధర్మరాజు దంపతులు సమోవా దీవుల నుంచి హైదరాబాద్ వచ్చి తమ బంధువులకే తమ కొత్త విశ్వాసం చెప్పారు. ఆ చర్చికి దేశంలో మొదటి స్టేక్, అంటే కొన్ని సంఘాలు కలిపిన పెద్ద విభాగం, 2012లో ఏర్పడింది మన హైదరాబాద్‌లోనే.

మెదక్ చర్చి కూడా చూపించండి వీలైతే. పోస్నెట్ అనే ఆంగ్లేయ మిషనరీ కరువు కాలంలో జనానికి పనీ తిండీ దొరికేలా కట్టించిన చర్చి. 1914లో మొదలై పదేళ్ళు పట్టింది. ప్రతిష్ఠ చేసింది 1924 క్రిస్మస్ రోజునే.

గోదారి_గట్టు | డిసెంబర్ 10, రాత్రి 9:15

మెదక్ కష్టం సార్. వాళ్ళకి కేటాయించిన ఏరియా దాటాలంటే పైవాళ్ళ అనుమతి కావాలి. నేను ఢిల్లీ దగ్గర ఇన్నాళ్ళుండి ఆగ్రా చూడలేదు. ఇప్పటికీ మా ఆవిడ నమ్మదు.

చార్మినార్_చాయ్ | డిసెంబర్ 10, రాత్రి 11:40

మా తాన గూడ ఉంటది ఇట్ల. తబ్లీగ్ జమాత్‌ల చిల్లా అని నలభై రోజులు పోతరు, కొందరు నాలుగు నెలలు. వంట సామాను మోస్కొని ఊరూరు మసీదులల్ల ఉంటరు, ఎవరి బిస్తర్ వాళ్ళే. మా పెద్దన్న పోయినప్పుడు ఈద్ ఆదిలాబాద్ దిక్కు ఒక చిన్న ఊర్ల అయింది. ఆ ఊర్ల ప్రతి ఇంటికెల్లి షీర్ ఖుర్మా వచ్చిందట, వద్దనలేక అన్ని ఇండ్లది తాగి రాత్రంత కడుపు పట్టుకున్నడు. అక్కా, పెట్టు గని జర తక్కువ పెట్టు.

దోమలగూడ_వాలంటీర్ | డిసెంబర్ 11, ఉదయం 6:30

నేను రామకృష్ణ మఠంలో సేవకి వెళ్తుంటాను. ఇళ్ళు వదిలి వచ్చిన యువకులు అక్కడా ఉన్నారు, బ్రహ్మచారులు. తెల్లవారుజామున మంగళహారతితో రోజు మొదలు, జపం, పుస్తకాల కౌంటరు, ఆసుపత్రి పని, వంటగది. పండుగ అంటే వాళ్ళకీ పనే.

చాలామందికి తెలియని విషయం, రామకృష్ణ మఠాల్లో డిసెంబర్ 24 సాయంత్రం క్రిస్మస్ ఈవ్ జరుపుతారు. ఏసు పటం పెట్టి, బైబిల్ చదివి, కేకు పెడతారు. కారణం ఉంది. 1886లో రామకృష్ణ పరమహంస కన్నుమూశాక నరేంద్రుడూ తోటి యువకులూ బెంగాల్లో ఆంట్‌పూర్ అనే పల్లెకి వెళ్ళారు. ఒక రాత్రి ధుని మంట చుట్టూ కూర్చుని, నరేంద్రుడు ఏసు జీవితం చెప్తుంటే అందరూ సన్యాసం పుచ్చుకోవాలని నిశ్చయించుకున్నారు. ఆ రాత్రి క్రిస్మస్ ఈవ్ అని వాళ్ళకి తర్వాత తెలిసింది.

ఆ నరేంద్రుడే వివేకానందుడై 1893 ఫిబ్రవరి 13న సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో మాట్లాడాడు. అంశం "మై మిషన్ టు ద వెస్ట్". అప్పటికి ఆయనకి ముప్ఫై ఏళ్ళు. అమెరికా ఓడ ఎక్కింది ఆ మే నెలాఖరున. మీ పైవాటాలో పిల్లల్లాగే, తెలియని దేశంలో తన మాట చెప్పడానికి.

సూటిగా_చెప్తా | డిసెంబర్ 11, ఉదయం 9:00

వివేకానందుణ్ణి వీళ్ళతో పోల్చడం నేను ఒప్పుకోను. కానీ ఆంట్‌పూర్ సంగతి నాకు తెలీదు. బాగుంది.

సాల్ట్‌లేక్_సాంబారు | డిసెంబర్ 11, ఉదయం 10:20

నేను ఉద్యోగం మీద అమెరికాలో యూటా రాష్ట్రం సాల్ట్‌లేక్ సిటీలో ఉంటున్నాను. ఆ చర్చి ముఖ్య కేంద్రం ఉన్న ఊరు. ఇక్కడ ఎయిర్‌పోర్టులో తరచూ ఒక దృశ్యం కనిపిస్తుంది. బెలూన్లు, అట్టల మీద పేర్లు పట్టుకుని మూడు తరాలవాళ్ళు నిలబడి ఉంటారు. మిషన్ ముగించి వచ్చే పిల్లకో పిల్లవాడికో స్వాగతం. చిన్న చెల్లెళ్ళు గుర్తుపట్టక వెనక్కి తగ్గుతారు, అన్న అంత పొడుగైపోయి వస్తాడు.

మా పక్కింటి అబ్బాయి బ్రెజిల్‌లో ఉన్నాడు. ఇక్కడ మంచు తోడుకుంటుంటే అక్కడ డిసెంబర్ అంటే మండు వేసవి. వాళ్ళమ్మ క్రిస్మస్ పార్సిల్ ఎప్పుడో శరత్కాలంలోనే పంపేసింది, కస్టమ్స్‌లో ఎన్నాళ్ళు ఆగుతుందో అని. అందులో వాడి మేజోళ్ళు, ఇంటివాళ్ళందరి ఫోటో, వాడికి ఇష్టమైన వేరుశనగ వెన్న. అన్నీ విడివిడిగా రంగు కాగితాల్లో చుట్టింది. ఎందుకమ్మా అంటే, విప్పడానికి కాస్త ఎక్కువసేపు పడుతుంది కదా అంది.

తార్నాక_అక్క | డిసెంబర్ 27, ఉదయం 9:30

అందరికి చెప్పాలె గదా ఏమైందో. 25 నాడు పొద్దుగాలనే తయారై పోయిన్రు, సాయంత్రం దాక చర్చోల్ల ఇండ్లల్లనే. బ్రదర్ చెప్పినట్టు నేను 26 నాడు పిలిచిన. మా ఆయన ఇంట్లనే ఉన్నడు కాబట్టి గడప దాటిన్రు ఎట్టకేలకు.

కూసోవెట్టలె. గులాబీ పువ్వుల అచ్చు చేతికిచ్చిన. ఢిల్లీ పిలగాడు మొదటి వాయి బొగ్గు చేసిండు. అచ్చు కాగకముందే పిండిల ముంచిండు, అది విడువది, వీడు దులుపుడు ఆపడు, పొయ్యి నిండ నూనె. కోయంబత్తూరాయన "ఇది మా పాట్టి చేసే అచ్చు మురుక్కు" అని అచ్చు గుంజుకొని పట పట విడిపిచ్చిండు. మస్తు నేర్పరి. పాట్టి గురించి చెప్పుకుంట పోయిండు, నేను ఆగుమనలె.

బగారన్నం, కోడికూర, పెరుగు చట్నీ. బేకరీల రమ్ము లేని కేకు అడిగితే ఆ పిల్ల నన్ను కిందికి మీదికి చూసింది. చాయ్ బదులు బాదం పాలు. తిన్నంక ఏమన్న పనుంటె చెప్పు ఆంటీ అన్నరు. సంపు కడగక ఎంత కాలమాయె అని మా ఆయన దిక్కు చూసిన. టైలు తీసి ప్యాంట్లు మలుచుకొని దిగిన్రు ఇద్దరు. రెండు గంటలు పట్టింది. నీళ్ళు అద్దం లెక్క ఉన్నయి ఇప్పుడు.

సూటిగా_చెప్తా | డిసెంబర్ 27, ఉదయం 9:52

సంపు కడుగుతారా? మాది హబ్సిగూడ, దగ్గరే.

బోరబండ_బ్యాచిలర్ | డిసెంబర్ 27, ఉదయం 9:55

హహహ. మోడరేటర్ గారూ, ఈ పోస్టు తియ్యకుండ్రి.

రామంతాపూర్_బ్రదర్ | డిసెంబర్ 27, ఉదయం 11:10

సంపు! నేను ఉల్లిపాయలు తరిగించమందామనుకున్నా.

మల్కాజిగిరి_అమ్మ | డిసెంబర్ 27, మధ్యాహ్నం 12:30

మా వాడు క్రిస్మస్ రోజు ఫోన్ చేశాడు. ఏం వండావు అంటే కిచిడీ అన్నాడు, కూరగాయలు వేశావా అంటే నవ్వాడు. వెయ్యలేదన్నమాట. అక్కా, మీ గులాబీ పువ్వుల కొలతలు కాస్త పెట్టండి, వాడు వచ్చే నాటికి నేర్చుకుంటాను.

తార్నాక_అక్క | డిసెంబర్ 27, మధ్యాహ్నం 12:58

రెండు పాళ్ళు బియ్యప్పిండి, ఒక పాలు మైదా, చక్కెర సరిపడ, కొబ్బరిపాలు పోస్తే మంచిగుంటది, లేకుంటె మామూలు పాలే. దోసె పిండి కంటె జర పల్చగ. అచ్చు మాత్రం ముందుగాల నూనెలనే కాగాలె. పిండిల మూడొంతులే ముంచాలె, అంచు దాటితే ఇగ విడువది.

తార్నాక_అక్క | జనవరి 10, రాత్రి 8:15

ట్రాన్స్‌ఫర్ కబురు వచ్చింది. ఢిల్లీ పిలగాడు విశాఖపట్నం పోతుండు. సంక్రాంతికి మా మనుమలతోని పతంగులు ఎగరేస్త అని మాంజా గురించి గూడ అడిగి పెట్టుకున్నడు, అంతట్లనే. సకినాలు డబ్బాకెత్తిన, రైల్ల తింటడు. నైవేద్యం పెట్టకముందే తీసిన, ఆ మాట గూడ చెప్పిన.

వాని జాగల వచ్చేటోనిది నాగాలాండ్ అట. మన కూరలు తింటడా? కారం తక్కువ వెయ్యాల్నా?

గోదారి_గట్టు | జనవరి 10, రాత్రి 8:40

నాకు ఒక కంపానియన్ దీమాపూర్ నుంచి వచ్చాడక్కా. వాళ్ళ నాగా మిర్చికి 2008లోనే జీఐ గుర్తింపు వచ్చింది. అతను పచ్చడిలా నంజుకునేవాడు, నేను ఒక్క గింజ తిని పీ-డే అంతా పెరుగు తాగాను. కారం మీరు మామూలుగానే వెయ్యండి. అతను ఇంటి నుంచి తెచ్చుకున్న సీసా మూత మాత్రం తియ్యకండి.